నీళ్లలో నీడ బదులు నలుపు వస్తుంటే

ప్రశ్న: నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) నడిపే మొబైల్ గేమ్. నీళ్లలో కొబ్బరిచెట్ల నీడ పడాలని సీన్‌ని ముందు ఒక 640×360 టెక్స్చర్‌లోకి (వస్తువుల మీద అతికించే బొమ్మ) గీస్తున్నాను. వశిష్ఠ (గోదావరి పాయ) అంతా నల్లగా వస్తోంది, పైగా గేమ్ మొత్తం స్క్రీన్ మూలకి కుంచించుకుపోయింది. వాడుతున్నది ఓపెన్‌జీఎల్ ఈఎస్ 2 (ఫోన్లలో గ్రాఫిక్స్ గీసే లైబ్రరీ).

జవాబు: ఇవి రెండు వేరు వేరు తప్పులండి. మూలకి పోవడం తేలిక: ఫ్రేమ్‌బఫర్ (గీసింది వెళ్లి పడే చోటు) మార్చినంత మాత్రాన వ్యూపోర్ట్ (అందులో ఎంత మేర గీయాలో చెప్పే కొలత) మారదు. స్క్రీన్‌కి తిరిగొచ్చాక దాన్ని మళ్లీ స్క్రీన్ సైజుకి మీరే పెట్టాలి.

నలుపు విషయంలో ఊహలు వద్దు. టెక్స్చర్ తగిలించిన ఫ్రేమ్‌బఫర్‌ని బైండ్ చేసి (వాడుకలోకి తెచ్చి), ముదురు గులాబీ రంగుతో క్లియర్ చేసి, ఇంకేమీ గీయకుండా నడపండి. ఏరు గులాబీగా కనిపిస్తే టెక్స్చర్ బాగానే ఉంది, చెట్లు గీసే చోట వెతకండి. అప్పటికీ నలుపే అయితే నూటికి తొంభైసార్లు ఫిల్టరే. మిన్ ఫిల్టర్ (టెక్స్చర్‌ని చిన్నగా చూపేటప్పుడు రంగు ఎలా తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్‌గా మిప్‌మ్యాప్‌లు, అంటే అదే బొమ్మ చిన్న చిన్న కాపీలు, అడుగుతుంది. మీ దగ్గరున్నది ఒక్క లెవెలే, కాబట్టి టెక్స్చర్ అసంపూర్ణమని నలుపు ఇస్తుంది. ఆ ఫిల్టర్‌ని లీనియర్‌గా పెట్టండి. 640, 360లో ఏదీ 2కి ఘాతం (256, 512 లాంటిది) కాదు కనక ఈఎస్ 2లో ర్యాప్ (టెక్స్చర్ అంచు దాటితే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) కూడా అడ్డంగా, నిలువుగా రెండింటికీ క్లాంప్ టు ఎడ్జ్ (అంచు రంగే కొనసాగడం) ఉండాలి. అదీ కాకపోతే ఫ్రేమ్‌బఫర్ సరిగ్గా తయారైందో లేదో దాని స్టేటస్ చెక్ చేయండి.

చెట్లు కనిపించాక అసలు పని మొదలవుతుంది. ఏది ముందుందో ఏది వెనకుందో గుర్తుంచుకునే డెప్త్ రెండర్‌బఫర్ కూడా 640×360దే తగిలించండి, లేకపోతే వెనక ఉన్న పాక చెట్టు ముందుకొస్తుంది. నీడ కోసం కెమెరాని నీటిమట్టం కిందికి అద్దంలోలా తిరగేస్తే త్రిభుజాల చుట్టు దిశ తారుమారై పంటు లోపలి గోడలు బయటికి కనిపిస్తాయి. ఆ పాస్ (నీడ గీసే విడత) వరకు ఫ్రంట్ ఫేస్ (ఏ చుట్టు దిశ ముందు వైపో చెప్పే సెట్టింగ్) మార్చి, వెంటనే వెనక్కి పెట్టండి. నీటి కింది భాగాన్ని ఫ్రాగ్మెంట్ షేడర్‌లో (ఒక్కో పిక్సెల్ రంగు తేల్చే చిన్న ప్రోగ్రాం) డిస్కార్డ్ చేయకపోతే, అంటే గీయకుండా వదిలేయకపోతే, పంటు అడుగు కూడా నీడలో తేలుతుంది. నీటి పలకని మాత్రం ఆ పాస్‌లో గీయొద్దు: ఒకే టెక్స్చర్‌ని చదువుతూ అందులోకే రాస్తే ఏమొస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు.

సైజు పెంచాలనిపిస్తుంది, వద్దు. అలలు ఎలాగూ చెదరగొడతాయి. వరదల్లో ఎర్రనీరు వచ్చే సీన్‌కైతే 320×180 కూడా ఎక్కువే.