పీటూపీ లెండింగ్‌లో 3 లక్షలు పెట్టొచ్చా?

ముందు మీ ఫ్రెండ్ చెప్పిన మాటల సంగతి చూద్దాం. మీ ఎఫ్‌డీ మెచ్యూరై 3 లక్షలు చేతికొచ్చాయని రాశారు. వాటిని పీటూపీ యాప్‌లో పెడితే 12 శాతం గ్యారంటీ అని, కావాలంటే ఎప్పుడైనా తీసేసుకోవచ్చని ఆయన అన్నాడట. పీటూపీ అంటే మధ్యలో బ్యాంకు లేకుండా, యాప్ ద్వారా మనమే నేరుగా ఎవరికో అప్పివ్వడం. అందులో గ్యారంటీ ఉండదు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోవడమూ ఉండదు. ఈ రెండూ ఉన్నాయని ఎవరైనా అమ్ముతుంటే వాళ్ళు రిజర్వు బ్యాంకు రూల్స్ దాటి అమ్ముతున్నారు, లేదంటే అది అసలు పీటూపీయే కాదు.

అలాగని మీ ఫ్రెండ్ కల్పించి చెప్తున్నాడని నేననను. 2021లో మొదలుపెట్టి దాదాపు మూడేళ్ళు ఈ వ్యాపారం అలాగే నడిచింది. పేమెంట్ యాప్ భారత్‌పే వాళ్ళ 12 శాతం క్లబ్, క్రెడిట్ కార్డు బిల్లుల యాప్ క్రెడ్ వాళ్ళ మింట్ అనే స్కీములు వచ్చింది ఆ ఏడాదే. వాటి వెనకాల లైసెన్సున్న పీటూపీ కంపెనీలు ఉండేవి. చూడ్డానికి సేవింగ్స్ ఖాతాలా ఉండేది, రోజూ వడ్డీ పెరుగుతూ కనిపించేది. నిజానికి మన డబ్బు ఎవరికో ఏడాదికో రెండేళ్ళకో అప్పుగా వెళ్ళిపోయి ఉంటుంది. మరి మనం అడగ్గానే ఎలా ఇచ్చేవారు? కొత్తగా చేరినవాళ్ళ డబ్బు మనకిచ్చి, మన అప్పుల్ని వాళ్ళ పేరు మీదికి మార్చేవారు. కొత్తవాళ్ళు వస్తున్నంతకాలం అందరూ హాయిగా ఉంటారు. 2024 ఆగస్టు 16న రిజర్వు బ్యాంకు దీన్ని ఆపేసింది. ఒక లెండర్ (అప్పిచ్చేవాడు) డబ్బుతో ఇంకో లెండర్‌ని బయటికి పంపకూడదు, కాలపరిమితికి ఇంత రాబడి అని ఆశ చూపి అమ్మకూడదు, ఎస్క్రో ఖాతాలోకి (అప్పిచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ మధ్య డబ్బు నడిచే మధ్యవర్తి ఖాతా) వచ్చిన డబ్బు ఆ మర్నాడు దాటి అక్కడ ఉండకూడదు, నష్టమొస్తే అసలైనా వడ్డీ అయినా లెండరే భరించాలి అని స్పష్టంగా రాసింది. అప్పట్లో నా డబ్బు కొంత అలాంటి యాప్‌లోనే ఉంది. విత్‌డ్రా బటన్ మాయమైంది. ఆ తర్వాత అప్పు తీసుకున్నవాళ్ళు ఈఎంఐ కట్టినప్పుడల్లా నాకు రావాల్సింది విడతలుగా వచ్చింది. నిజమైన పీటూపీ అంటే అదే.

ఇక నా అనుభవం. 2019 నుంచి రెండు ప్లాట్‌ఫామ్‌లలో చిన్న చిన్న ముక్కలుగా అప్పులిస్తూ వచ్చాను. ఒక్కొక్కరికి వెయ్యి, రెండువేలు, అంతకు మించి కాదు. నికరంగా నష్టపోలేదు. కానీ యాప్ తెర మీద కనిపించే అంకెకీ బ్యాంకు ఖాతాలో చేరే అంకెకీ ఎంత దూరమో బాగా తెలిసింది. మీరు అడిగినదానికి అసలు జవాబు ఆ దూరంలోనే ఉంది, అందుకే లెక్క వేసి చూపిస్తాను.

లక్ష రూపాయలు వందమందికి తలా వెయ్యి చొప్పున, 24 శాతానికి, 12 నెలలకు ఇచ్చారనుకోండి. చాలామంది ఏడాది తిరిగేసరికి 24,000 వస్తుందనుకుంటారు. రాదు. ఈఎంఐతో పాటు అసలు కూడా నెలనెలా తిరిగొస్తుంటుంది కాబట్టి వెయ్యికి నెలకు సుమారు 94.56 చొప్పున, ఏడాదికి 1,134.70 వస్తుంది. వందమందీ కట్టినా వడ్డీ 13,470 చిల్లర. తిరిగొచ్చిన అసలుని మళ్ళీ మళ్ళీ అప్పిస్తేనే ఆ 24 శాతం లెక్క నిలబడుతుంది. ఇప్పుడు ఎనిమిది మంది మూడు వాయిదాలు కట్టి ఆపేశారనుకోండి. ఒక్కొక్కరి దగ్గర అసలు దాదాపు 772 ఆగిపోతుంది, మొత్తం 6,175. మీకు ముట్టిన వడ్డీ 12,838. అందులోంచి మునిగిన అసలు పోగా 6,663. ప్లాట్‌ఫామ్ ఫీజు ఒక శాతం అనుకుంటే ఇంకో వెయ్యి పోయి 5,663 మిగులుతుంది.

ఇంతవరకు ఫరవాలేదు. ఆదాయపు పన్ను దగ్గరే చాలామంది ఆగి చూడరు. వడ్డీ మొత్తం ఇతర ఆదాయం కింద మీ స్లాబులో పడుతుంది. మునిగిన అసలుని ఆ వడ్డీలోంచి తీసేసి చూపించే దారి జీతం మీద బతికే మనలాంటివాళ్ళకు మామూలుగా లేదు. అంటే 5,663 మిగిలితే పన్ను మాత్రం 12,838 మీద. 30 శాతం స్లాబులో సెస్సు కలపకుండానే 3,851 పోతుంది. చేతిలో 1,812. ఏడాది పొడవునా బయట ఉన్న సొమ్ము సగటున 56,000 చిల్లర కాబట్టి రాబడి మూడు శాతం పైచిలుకు. 7 శాతం ఎఫ్‌డీ అదే స్లాబులో పన్ను పోగా 4.9 ఇస్తుంది, అందులో నిద్ర చెడేది ఏమీ లేదు. పైగా బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల వరకు ఇన్సూరెన్స్ ఉంది, పీటూపీకి లేదు.

అదే లెక్కలో ఎగ్గొట్టినవాళ్ళు ఎనిమిది మంది కాకుండా ముగ్గురే అయితే? ఫీజు, పన్ను అన్నీ పోగా 5,900 పైగా మిగులుతుంది, పది శాతం దాటిన రాబడి. అంటే లాభమా నష్టమా అన్నది తేల్చేది వడ్డీ రేటు కంటే వందలో ఎగ్గొట్టే ఆ నలుగురైదుగురే. నాకు మంచి ఏడాదుల్లో ఎఫ్‌డీ కంటే బాగానే మిగిలింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అసలు వెనక్కొస్తే చాలనిపించింది.

ఆ నలుగురైదుగురు ఎవరో ముందే పసిగట్టొచ్చా అంటే, చాలావరకు కుదరదు. మన ఊళ్ళలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి అదే 24 శాతం. కానీ ఊళ్ళో అప్పిచ్చే మనిషికి ఎదుటివాడి పొలం ఎంతో, ధాన్యం ఏ మిల్లుకు వేస్తాడో, ఇంకెవరికి బాకీయో తెలుసు. ప్రోనోటు రాయించుకుంటాడు, మూడేళ్ళ గడువు దాటకుండా తిరగరాయించుకుంటాడు, అవసరమైతే పొద్దున్నే వెళ్ళి అరుగు మీద కూర్చుంటాడు. మనకి యాప్‌లో కనిపించేది వయసు, ఊరు, జీతం, సిబిల్ స్కోరు, అప్పు ఎందుకో ఒక ముక్క. 'ఇంటి రిపేరు', 'వైద్య ఖర్చులు', 'పాత అప్పు తీర్చడానికి'. ఈ మూడోది చూస్తే నేను ఆగిపోతాను. ష్యూరిటీ ఉండదు, తాకట్టు ఉండదు, పీటూపీ అప్పులన్నీ తాకట్టు లేనివే. అసలు 20, 24, 30 శాతానికి యాప్‌లో తీసుకునేవాళ్ళు చాలావరకు బ్యాంకు కాదన్నవాళ్ళే. అందరూ ఎగ్గొట్టే రకం కాదు. జీతం చేతికి నగదుగా వచ్చేవాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు, సిబిల్‌లో చరిత్రే లేనివాళ్ళు చాలామంది ఉంటారు.

వింత ఏమిటంటే మంచివాళ్ళు త్వరగా వెళ్ళిపోతారు. నా లిస్టులో విశాఖలో ఉద్యోగం చేసే ఒకాయన పెళ్ళి ఖర్చులకని తీసుకుని, ఆర్నెల్లు తిరగకుండానే మొత్తం కట్టి క్లోజ్ చేశాడు. నాకు సంతోషమే, కాకపోతే రావాల్సిన వడ్డీ అక్కడితో సరి. కట్టనివాళ్ళు మాత్రం చివరిదాకా మనతోనే ఉంటారు. వాళ్ళ పేజీలో రికవరీ నోట్స్ చూడాలి. మొదట 'మ్యాండేట్ బౌన్స్ (ఈఎంఐ ఆటోమేటిగ్గా కట్ కాలేదు), ఖాతాలో నిల్వ లేదు'. తర్వాత 'జీతం ఆలస్యమైంది, 10వ తేదీకి కడతానన్నారు'. ఆ తర్వాత '25వ తేదీకి కడతానన్నారు'. పిమ్మట 'ఫోన్ ఎత్తడం లేదు'. ఆపైన 'నంబరు మనుగడలో లేదు'. చివరగా 'లీగల్ నోటీసు పంపబడింది'. అక్కడితో ఆ పేజీ కదలదు. వెయ్యి రూపాయల బాకీ కోసం కోర్టు మెట్లెక్కేది ఎవరు? వసూలు చేసే బాధ్యత ప్లాట్‌ఫామ్‌దే అయినా, ఆ డబ్బు వాళ్ళది కాదు కదా.

వందమందికి పంచితే రిస్కు తగ్గుతుందని అందరూ చెప్తారు. ఒకరికి జబ్బు చేసినా ఇంకొకరి ఉద్యోగం పోయినా ఆ మాట నిజం. అందరికీ ఒకేసారి దెబ్బ తగిలే రోజు దానివల్ల ఉపయోగం లేదు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ (పేదలకు, మహిళా గ్రూపులకు చిన్న అప్పులిచ్చే వ్యాపారం) మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు ఏమైందో గుర్తుండే ఉంటుంది. వారం వారం ఠంచనుగా కట్టే మహిళా గ్రూపులు ఒక్కసారిగా కట్టడం ఆపేశాయి, రాష్ట్రమంతటా వసూళ్ళు కుప్పకూలాయి. అప్పిచ్చిన కంపెనీలు లక్షలమందికి పంచాయి, అయినా ఏం లాభం? (ఆ కంపెనీల వసూలు పద్ధతులు, అప్పు తీసుకున్నవాళ్ళ ఆత్మహత్యలు చూశాక ఆర్డినెన్స్ ఎందుకొచ్చిందో నాకు అర్థమవుతుంది, అది వేరే చర్చ.) బయటి దేశాల్లోనూ ఈ వ్యాపారానికి గొప్ప చరిత్రేమీ లేదు. 2005లో దీన్ని మొదలుపెట్టిన బ్రిటన్ కంపెనీ జోపా 2021లో పీటూపీ మూసేసి బ్యాంకుగా మిగిలింది. చైనాలో ఎజుబావ్ అనే ఒక్క ప్లాట్‌ఫామ్ మోసంలోనే తొమ్మిది లక్షలమంది దాకా ఇరుక్కున్నారు. 2020 చివరికి అక్కడ ఒక్క పీటూపీ కంపెనీ కూడా మిగల్లేదు.

మన దగ్గర ఆ స్థాయి దోపిడీ కొంచెం కష్టం. 2017 అక్టోబరులో వచ్చిన రూల్స్ ప్రకారం డబ్బు కంపెనీ ఖాతాలోకి వెళ్ళదు, బ్యాంకు పెట్టిన ట్రస్టీ చూసే ఎస్క్రో ఖాతాల ద్వారానే నడుస్తుంది. ఒకరు ఒకరికి 50,000 మించి ఇవ్వకూడదు, మొత్తం మీద 50 లక్షలు మించకూడదు (మొదట ఇది 10 లక్షలే, 2019లో పెంచారు), అప్పు 36 నెలలు దాటకూడదు. ఇవన్నీ దొంగతనం నుంచి కాపాడతాయి. బాకీ ఎగవేత నుంచి కాపాడవు.

ఇంకో విషయం. ఆఫీసు ఫ్రెండ్స్ 'పీటూపీ' అని చెప్పేవాటిలో సగం వేరేవి. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఫాల్కన్ అనే ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ (కంపెనీలకు రావాల్సిన బిల్లుల మీద ముందుగా డబ్బివ్వడం) యాప్ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు, వేలమంది డబ్బు ఆగిపోయింది.  అది పీటూపీ కాదు, కానీ అమ్మిన మాటలు ఇవే: పెద్ద కంపెనీల బిల్లులు, తక్కువ కాలం, ఎఫ్‌డీకి రెట్టింపు. అందుకని యాప్ పేరు కాకుండా దాని వెనకున్న కంపెనీ పేరు కనుక్కుని, రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఎన్‌బీఎఫ్‌సీ పీటూపీల (లైసెన్సున్న పీటూపీ కంపెనీల) జాబితాలో ఉందేమో చూడండి. లేకపోతే అక్కడితో ఆపేయండి.

ఉంటే, ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో నెలనెలా పెట్టాల్సిన మొండి బకాయిల వివరాలు తెరవండి. ఇక్కడొక మెలిక ఉంది. ఎన్‌పీఏ (మొండి బకాయి) 3 శాతం అని కనిపించినా పొంగిపోకండి. 90 రోజులు దాటితేగాని ఎన్‌పీఏ కాదు. కంపెనీ ఈ మూడు నెలల్లో కొత్తగా బోలెడు అప్పులు ఇచ్చి ఉంటే, అవింకా చెడే వయసుకు రాకముందే హారంలో చేరి శాతాన్ని తగ్గిస్తాయి. ఏడాదిన్నర కిందట ఇచ్చిన అప్పుల్లో ఇప్పటికి ఎంత వెనక్కొచ్చింది అని చూడాలి. ఆ లెక్క పెట్టని ప్లాట్‌ఫామ్‌లో నేను పెట్టను.

మీ 3 లక్షల సంగతికొస్తే, ఎందుకోసం దాచారో మీరు రాయలేదు. ఏడాదిలో అమ్మాయి ఫీజుకో ఇంటి అడ్వాన్సుకో అయితే ఒక్క రూపాయి కూడా పీటూపీలో వద్దు, ఎఫ్‌డీ రెన్యూ చేసేయండి. అలాంటి అవసరమేదీ లేదు, చేసి చూడాలనుంది అంటే 20, 30 వేలు చాలు. తలా ఐదొందలో వెయ్యో, 12 నెలలు మించని అప్పులు, వేర్వేరు ఊళ్ళ వాళ్ళకి. ఆటో ఇన్వెస్ట్ (ఎవరికివ్వాలో యాపే ఎంచుకోవడం) ఆపేసి మీరే ఎంచుకోండి. 30 శాతం పైన వడ్డీ ఉన్నవి వదిలేయండి. ఎక్సెల్‌లో మీ ఖాతా నుంచి పోయిన ప్రతి రూపాయీ, వచ్చిన ప్రతి రూపాయీ తేదీలతో రాసి ఎక్స్‌ఐఆర్‌ఆర్ (తేదీలను బట్టి అసలు వార్షిక రాబడి లెక్కించే ఫార్ములా) వేసుకోండి, యాప్ చూపించే రాబడి జోలికి వెళ్ళకండి. మొత్తం ఒక చుట్టు తిరిగి అసలు వెనక్కొచ్చేదాకా ఇంకో రూపాయి కలపొద్దు. 20 శాతం లోపు స్లాబులో ఉంటే మీకు నాకంటే బాగా గిట్టుబాటవుతుంది. 30 శాతంలో ఉంటే పైన లెక్క చూశారు కదా.

నేనిప్పుడు కొత్త అప్పులు ఇవ్వడం దాదాపు మానేశాను, పాతవి కట్టుకుంటూ వస్తున్నాయి. స్లాబు మారింది, ఓపిక తగ్గింది, అంతకుమించి కారణమేమీ లేదు. మీ ఫ్రెండ్ వాడుతున్న యాప్ ఏదో, దాని వెనకున్న కంపెనీ ఏదో కింద రాయండి. వాళ్ళ మొండి బకాయిల పేజీ చూసి నాకు అర్థమైంది చెప్తాను.