ఆ పాటలో ‘నువ్వు’ ఎవరు?

ప్రశ్న: మావారికి 74 ఏళ్లు. 1975లో మెడిసిన్ పూర్తిచేసి అమెరికా వచ్చారు. 1981లో పెళ్లయ్యాక నేనూ వచ్చాను. ఒహాయోలో ఉంటాం. మా మామగారు 1978లోనే పోయారు, అప్పుడు ఈయన ఇండియా వెళ్లలేకపోయారట. ప్రాక్టీస్ మానేసినప్పటి నుంచి ఈయన రాత్రిళ్లు బేస్‌మెంట్‌లో కూర్చుని డెబ్బైల నాటి ఇంగ్లిష్ ప్రేమపాటలు వింటున్నారు. కార్పెంటర్స్, బ్రెడ్ లాంటి బృందాలవి. ‘ఎవ్రీథింగ్ ఐ ఓన్’ అయితే పెట్టిందే పెడతారు. మొన్న డ్రయర్‌లో బట్టలు తీద్దామని కిందికి వెళ్తే కళ్లు తుడుచుకుంటున్నారు. నన్ను చూడగానే పాట ఆపేశారు. నేను రాకముందు ఆరేళ్లు ఒక్కరే ఉన్నారు కదా, ఎవరినైనా ప్రేమించారా? ఈ వయసులో అడిగితే నవ్వుతారేమో. మా అబ్బాయితో అడిగించనా?

జవాబు: నవ్వే విషయం కాదమ్మా. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి మనల్ని చూసి పాట ఆపేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. దాని దగ్గరికి వస్తాను, ముందు ఆ పాట సంగతి చెప్పనివ్వండి.

‘ఎవ్రీథింగ్ ఐ ఓన్’ 1972 నాటి పాట. బ్రెడ్ బృందంలోని డేవిడ్ గేట్స్ రాసి పాడాడు. నువ్వు తిరిగొస్తే చాలు, నాకున్నదంతా ఇచ్చేస్తాను అంటాడు. వింటే, వదిలి వెళ్లిపోయిన ప్రేయసి కోసమే అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గేట్స్ దాన్ని రాసింది చనిపోయిన వాళ్ల నాన్నని తలుచుకుని. అది తెలిశాక వింటే, నాకు నీడగా ఉన్నావు, నన్ను వెచ్చగా చూసుకున్నావు అనే మొదటి మాటలు ప్రేయసికంటే తండ్రికే బాగా అతుకుతాయి.

ఇన్నేళ్లుగా అంతమంది పొరపడటానికి ఇంగ్లిష్ ‘యూ’ కూడా ఒక కారణం. అదే తెలుగులో రాసుంటే ఎక్కడో ఒకచోట ‘నాన్నా’ అనో, ‘మీరు’ అనో పడి దొరికిపోయేవాడు. ‘యూ’కి ఆ ఇబ్బంది లేదు, భార్యకీ తండ్రికీ స్నేహితుడికీ అదే మాట. ఆ కాలపు పాటలు ఇంకా వినేవాళ్లు ఉండటానికి నాకు కనిపించే కారణం ఇదే. పేరుండదు, ఊరుండదు, గొడవేమిటో చెప్పరు. గిటార్ మెల్లగా సాగుతుంది, గొంతు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. కార్పెంటర్స్ గాయని కరెన్ కార్పెంటర్ కింది స్థాయిలో పాడేటప్పుడు గమనించండి, ఎక్కడా అరవదు. ఎవరి మనిషిని వాళ్లు అందులో కూర్చోబెట్టుకోవచ్చు. ఆమె పాడిన ‘వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్’ అసలు కాలిఫోర్నియాలో ఒక బ్యాంకు టీవీ ప్రకటన కోసం పుట్టిన పాట! కొత్త జంటను చూపించి, మా బ్యాంకుకి రండి అనే ప్రకటన. 1970లో కార్పెంటర్స్ పాడాక అది పెళ్లిళ్ల పాటైపోయింది. బ్యాంకు సంగతి ఎవరికి గుర్తుంది?

కాబట్టి ప్రేమపాట వింటున్నారు గనుక ప్రేయసి ఉండే ఉంటుంది అనే లెక్క నిలవదు. మీరు వంటింట్లో ఘంటసాల పాట కూనిరాగం తీస్తే, అది ఎవరి కోసమని ఆయన ఎప్పుడైనా ఆరా తీశారా?

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను. 1978లో మామగారు పోయారు, ఈయన వెళ్లలేకపోయారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏడు. డ్యూటీలు, డబ్బు ఇబ్బంది, విమానాల దూరం, కారణం ఏదైనా కావచ్చు. కొడుకు చెయ్యాల్సిన కర్మ ఇంకెవరో చేసుంటారు. ఆ రోజుల్లో ఒహాయో చలిలో ఒక్కడూ కారు నడుపుతుంటే రేడియోలో ఈ పాట వచ్చిందేమో. అదే నిజమని నేను అనడం లేదు. మీరు ఊహించుకున్న అమ్మాయికి ఎంత ఆధారం ఉందో, దీనికీ అంతే ఉంది. పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే మనిషికి ముసలితనంలో ఎక్కువగా గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రం తెలిసినవాళ్లు చెప్తారు. మీవారి ఒంటరి ఏళ్లు సరిగ్గా అందులోకే వస్తాయి. ఇన్నాళ్లూ పేషెంట్లతో ఊపిరాడలేదు, ఇప్పుడు తీరిక దొరికింది.

ఒకవేళ అమ్మాయే ఉంటే? ఉండొచ్చు. మీరు రాకముందు సంగతి అది. ఆ జవాబు వినే ఓపిక ఉందో లేదో చూసుకుని, ఉంటేనే అడగండి. వినేశాక ప్రతి గొడవలోనూ దాన్ని బయటికి తీసే పనైతే మాత్రం వద్దు.

అడిగేటప్పుడు ‘ఎవరి కోసం ఏడుస్తున్నారు’ అని మొదలుపెట్టకండి. అది పోలీసు ప్రశ్నలా ఉంటుంది, ఆయన ‘ఏం లేదు, దుమ్ము పడింది’ అంటారు. ‘ఈ పాట మొదటిసారి ఎక్కడ విన్నారు’ అనండి. ఏ గది, ఏ కారు, ఎవరి టేప్ రికార్డర్ అని ఆయనే తవ్వుకుంటారు, మనుషులు వాటి వెనకాలే వస్తారు. ఈ పాట కథ తెలుసా, నాన్న కోసం రాశాడట అని మీరే చెప్పినా చాలు.

ఇక ఆపేయడం. సిగ్గుపడి ఆపేసి ఉంటారని నాకనిపిస్తోంది, ఆ తరం మగవాళ్లకి భార్య ముందు ఏడవడం రాదు. మీకు మాత్రం అది తలుపు మూసినట్టు తగిలింది. ఆ మాట ఆయనకి చెప్పండి: ‘నన్ను చూసి ఆపేస్తే నాకు బాధేసింది.’ అంతే, అనుమానం ఊసెత్తొద్దు.

ఇంకో జాగ్రత్త. తిండి తగ్గినా, నిద్ర లేకపోయినా, మనవలతో కూడా మాట్లాడకుండా ఉంటున్నా అది డిప్రెషన్ కావచ్చు. ఆయనే డాక్టరని ఊరుకోకుండా మీ ఫ్యామిలీ డాక్టర్‌కి చెప్పండి.

అబ్బాయిని పంపకండి. మీ ఇద్దరి మధ్య మాట అది. ఈసారి బట్టల బుట్ట పైనే వదిలేసి, రెండు కప్పుల టీ పట్టుకుని కిందికి వెళ్లండి. ఆయన ఫోన్ మీదికి చెయ్యి పోనిస్తే ‘ఉండనివ్వండి, నేనూ వింటాను’ అనండి.