గోల్ కాపరి అంటే తక్కువ చేసినట్టా?

సందేహం: జర్మన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఒలివర్ కాన్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తూ "జర్మనీ గోల్ కాపరి" అన్నాను. మా తమ్ముడు చదివి, "కాపరి అంటే గొర్రెలు కాసేవాడు కదక్కా, అంతటి ఆటగాణ్ణి అలా అంటారా? ద్వారపాలకుడు అను" అన్నాడు. ఏది సరి? "కాన్ గోల్‌ను కాపాడాడు" అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ తమ్ముడికి ముందు జర్మన్ల మాటే చెప్పండి. గోల్‌కీపర్‌ను వాళ్లు "టోర్‌హ్యూటర్" అంటారు. టోర్ అంటే గుమ్మం, హ్యూటర్ అంటే కాసేవాడు. గొర్రెల్ని కాయడానికి కూడా వాళ్లు వాడే క్రియ అదే. వాళ్లకు లేని చిన్నతనం మనకెందుకు?

ఇక మన "కాచు" సంగతి. కావలి, కాపలా, కాపు, కాపరి, కాపాడు – ఇదంతా ఒకే కుటుంబం. (చెట్టు కాయడం, పాలు కాచడం వేరే ధాతువులు, వాటితో ఇక్కడ పని లేదు.) ఈ "కాచు"లో రక్షించడం ఉంది, ఎదురుచూడడమూ ఉంది. చేను కాస్తాం, ఎవరికోసమో కాచుకుని కూర్చుంటాం. తమిళంలోనూ అంతే: కావల్ అంటే కాపలా, కాత్తిరు అంటే వేచి ఉండు. "రక్షించు"లో ఈ రెండో అర్థం లేదు. మంచె ఎక్కిన రైతుకు రాత్రంతా ఏమీ జరగకపోవచ్చు. పందుల గుంపు వచ్చే ఆ నాలుగు నిమిషాల కోసమే తెల్లవార్లూ మేలుకుంటాడు.

కాన్ జీవితమంతా ఆ మంచె మీదే గడిచింది. 1994లో కార్ల్‌స్రూహె క్లబ్ నుంచి బయెర్న్ మ్యూనిక్ క్లబ్‌కు వచ్చి, 2008 దాకా అక్కడే ఉన్నాడు. యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ 1999 ఫైనల్లో ఆరో నిమిషం నుంచి ఆధిక్యంలో ఉన్న బయెర్న్, తొంభై నిమిషాలు దాటాక మాంచెస్టర్ యునైటెడ్‌కు రెండు గోల్స్ ఇచ్చి ఓడిపోయింది. 2001లో మిలాన్‌లో వాలెన్సియా మీద, ఆట సమమయ్యాక పెట్టే పెనాల్టీల షూటౌట్‌లో కాన్ మూడు పెనాల్టీలు ఆపి అదే కప్పు గెలిపించాడు. 2002 ప్రపంచకప్‌లో ఫైనల్‌కు ముందు ఆరు మ్యాచ్‌లలో అతన్ని దాటింది ఒక్క గోల్. యొకొహామా ఫైనల్లో 67వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు రివాల్డో కొట్టిన బంతి చేతుల్లోంచి జారింది, అతని జట్టువాడే రొనాల్డో దాన్ని లోపలికి తోశాడు. ఆట ముగిశాక గోల్ స్తంభానికి ఆనుకుని కాన్ ఒంటరిగా కూర్చున్న ఫొటో నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఆ టోర్నీ ఉత్తమ ఆటగాడి గోల్డెన్ బాల్ అతనికే దక్కింది. మరే గోల్‌కీపర్‌కూ అది రాలేదు. 2006 ప్రపంచకప్‌లో మరో గోల్‌కీపర్ లేమన్‌కు చోటిచ్చి, సొంతగడ్డ మీద బెంచీపై కూర్చున్నాడు. దాన్ని కాచుకుని కూర్చోవడమనే అంటాను.

పోతన గజేంద్రుడు బలమంతా ఉడిగాక "నీవే తప్ప నితఃపరం బెరుగ" అని, చివరికి "కావవే వరద" అంటాడు. ఆ "కావవే" మన "కాచు"దే. "సంరక్షించు" అన్న సంస్కృత మాట కూడా ఆ పాదంలోనే ఉంది, కానీ ముందు నోటికొచ్చింది తెలుగు మాట. ఆపదలో మాట ఎక్కణ్నుంచి వస్తుందో పోతనకు తెలుసు. పదిమందినీ దాటి బంతి వచ్చేసినప్పుడు జట్టుకు "నీవే తప్ప" అనదగ్గవాడు ఒక్కడే మిగులుతాడు. విష్ణువును పిలవడానికి పనికొచ్చిన ధాతువు గోల్‌కీపర్‌కు తక్కువ కాదు. ద్వారపాలకుడంటే మాత్రం గుడి వాకిట జయవిజయులే మనసులో మెదులుతారు. వాళ్లు బంతి మీదికి దూకరు.

"గోల్‌ను కాపాడాడు" దగ్గర చిక్కుంది. గోల్ అంటే ఆ స్తంభాల మధ్య చోటు, అందులో పడ్డ బంతికి వచ్చే లెక్కా గోలే. జర్మన్ "టోర్"కూ ఈ రెండర్థాలున్నాయి. మొదటి అర్థంలో కాపాడవచ్చు. రెండో అర్థంలో గోల్‌ను కాపాడితే అది పడినట్టే! "గోల్ పడకుండా ఆపాడు", "జట్టును కాపాడాడు" అంటే ఏ పేచీ లేదు. ఈమధ్య "పెనాల్టీని సేవ్ చేశాడు" అని రాస్తున్నారు. ఫైలు సేవ్, డబ్బు సేవ్, పెనాల్టీ కూడా సేవేనా? "ఆపాడు" అన్న మూడక్షరాల మాట ఉండగా ఆ బద్ధకం ఎందుకో నాకు అర్థం కాదు.

"గోల్‌కీపర్" తెలుగులో స్థిరపడిపోయింది, దాన్ని తప్పనను. "గోల్ కాపరి" నాకు ఇష్టం. వ్యాసంలో మొదటిసారి గోల్‌కీపర్ అని, తర్వాత కాపరి అంటే చదివేవాళ్లు తడబడరు. శీర్షికలో పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టానికే వదిలేస్తున్నాను.