ఇద్దరికీ స్కోరు 14 వస్తే, ఇద్దరిదీ ఒకే డిప్రెషనా?

డిప్రెషన్ లక్షణాల మీద తొమ్మిది ప్రశ్నలడిగి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నాపత్రంలో మీకూ మీ ఫ్రెండ్‌కీ 14 వచ్చిందన్నారు. తను రోజూ ఏడుస్తోంది, మీకేమో ఏడుపే రాదు, ఒళ్ళంతా నీరసం. మరి మీది డిప్రెషనేనా అని మీ అనుమానం.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నాకు 14, మా అక్కకి 14. నాకు దిగులని ఎప్పుడూ అనిపించలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. అన్నం కలిపి ముందు పెట్టుకుని కూర్చుంటే వేళ్ళకున్న మెతుకులు ఎండిపోయేవి గానీ ముద్ద నోట్లోకి వెళ్ళేది కాదు. ఆరు నెలలు గ్యాస్ మాత్రలే మింగాను.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే, ఆయన మొత్తం మార్కులు పక్కన పెట్టి ఒక్కో ప్రశ్న చూశారు. నిద్ర, నీరసం, ఆకలి: మూడింటికీ మూడేసి. దిగులుకి సున్నా. అక్క కాగితం దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. దిగులు, ఆసక్తి లేకపోవడం, 'నేను దేనికీ పనికిరాను' అన్నచోట మూడేసి, నిద్రకి ఒకటే. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా నాలాగే నీరసపడతారని ముందు రక్తపరీక్షలు రాశారు. అవి నార్మల్‌గానే వచ్చాయి.

పరిశోధకులు చేసేదీ దాదాపు ఇదే, కాకపోతే వేలమంది మీద. ఒక లక్షణం ఎక్కువున్నవాళ్ళలో ఇంకేవి ఎక్కువుంటున్నాయో లెక్కేస్తారు. పీహెచ్‌క్యూ-9లో చాలాసార్లు రెండు గుంపులు తేలతాయి: ఒంటికి సంబంధించినవి, మనసుకి సంబంధించినవి. ఏకాగ్రత మాత్రం ఒక అధ్యయనంలో ఇటు, ఇంకోదాంట్లో అటు పడుతుంది, కాబట్టి ఆ గీతని మరీ గట్టిగా పట్టుకోకండి. అమెరికాలో డిప్రెషన్ చికిత్స మీద జరిగిన స్టార్-డీ అధ్యయనంలోని 3,703 మంది లక్షణాలను 2015లో ఫ్రైడ్, నెస్సీ అనే పరిశోధకులు విడదీసి చూస్తే 1,030 రకాల కలయికలు బయటపడ్డాయి. మీరూ మీ ఫ్రెండూ వేరుగా ఉండటంలో వింతేమీ లేదు.

డాక్టరుకి '14 వచ్చింది' అని చెప్పి ఊరుకోకుండా, నింపిన కాగితమే తీసుకెళ్ళండి. తొమ్మిదో ప్రశ్న, చావు ఆలోచనల గురించినది. అక్కడ ఒకటి పడినా మొత్తం ఎంతన్నది చూడకుండా వెంటనే చెప్పాలి. రాత్రిపూటైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

రెండు నెలల మందుల తర్వాత నా స్కోరు 7. అన్నం సయిస్తోంది. నిద్ర ప్రశ్నకి మాత్రం ఇంకా మూడు మార్కులే పడుతున్నాయి, ఇప్పుడు దాని సంగతే చూస్తున్నాం.