లూట్ నేర్చుకుంటే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎనిమిదేళ్లుగా క్లాసికల్ గిటార్ నేర్చుకుంటోంది, ట్రినిటీ గ్రేడ్ 8 పాసైంది. ఇప్పుడు బరోక్ లూట్ అనే పాతకాలపు యూరప్ వాయిద్యం నేర్చుకుంటానని, అందుకు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కో జర్మనీకో వెళ్తానని పట్టుబట్టింది. మేము సీఎస్ఈ (ఏఐ)లో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి ఉంచాం. ఆ సంగీతం నోట్లన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయని తనే అంటోంది. ఊరికే దొరికేదానికి లక్షలు పోసి దేశం దాటడం ఎందుకు? ఇంజినీరింగ్, సంగీతం రెండూ పోల్చి ఏది మేలో చెప్పండి.
– ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీటు గురించి ఉంది, లక్షల గురించి ఉంది. మీ అమ్మాయి వాయిస్తే ఎలా ఉంటుందో ఒక్క మాట లేదు. ఎనిమిదేళ్లు ఫీజు కట్టిన తండ్రి ఆ ఒక్క మాట రాయకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరు కూచిపూడి అంటారు, ఒకరు పురావస్తు శాస్త్రం అంటారు, ఇప్పుడు లూట్ వచ్చింది. అడిగేది ఏదైనా లోపల ఉన్న భయం ఒక్కటే: రేపు మేం లేనప్పుడు ఈ పిల్ల ఏం తిని బతుకుతుంది? ఆ భయం తప్పు కాదు. పోలిక సంగతి పక్కన పెట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

ఒంటరిగా కూర్చుని బరోక్ లూట్ కచేరీలు చేసి, దానితోనే ఇల్లు గడుపుకునేవాళ్లు ప్రపంచం మొత్తంలో బహు కొద్దిమంది. ఈ నిజం మీ అమ్మాయి కూడా వినాలి. కానీ లూట్ వాళ్లకు పని దొరికే చోటు వేరే ఉంది. యూరప్‌లో పాత ఒపేరాలు, చర్చి సంగీతం, చిన్న వాద్యబృందాల కచేరీలు జరిగే చోటల్లా పక్కవాద్యంగా థియోర్బో గానీ ఆర్చ్‌లూట్ గానీ కావాలి. ఇవి లూట్‌కు అక్కచెల్లెళ్లు, మెడ బాగా పొడుగు. అక్కడి పద్ధతిలో పక్కవాద్యం వాయించే వ్యక్తి ముందు ఉండేది ఒక్క మంద్రస్వరాల వరుస, అక్కడక్కడ కొన్ని అంకెలు. ఆ అంకెలు చూసి మిగిలిన స్వరాలు అప్పటికప్పుడు తనే అల్లుకోవాలి. దీన్ని కంటిన్యువో అంటారు. బతుకుతెరువు చాలావరకు ఇక్కడే.

లూట్ చరిత్రలో పెద్ద పేరు సిల్వియస్ లియోపోల్డ్ వైస్ (1687–1750). ప్రఖ్యాత జర్మన్ స్వరకర్త బాఖ్‌కు సమకాలికుడు, 1739లో లైప్‌జిగ్‌లో బాఖ్ ఇంటికి వెళ్లి వాయించినవాడు. 1718 నుంచి డ్రెస్డెన్ ఆస్థాన విద్వాంసుడు. అంతటివాడు కూడా ఆస్థాన ఒపేరాల్లో తోడుగా వాయించాడు. మన కచేరీల్లో వయొలిన్, మృదంగం ఎంత గౌరవమైనవో మనకు తెలుసు. మీ అమ్మాయిని అడగండి: అంకెలు చూసి పక్కవాద్యం వాయించడం మొదలుపెట్టావా? ఇంకా లేదంటే అదే మొదటి పని. దానికి లూట్ కూడా అక్కర్లేదు, చేతిలో ఉన్న గిటార్ మీదే ఈ రోజు నుంచి సాధన చేయవచ్చు.

ఇక ఉచితంగా దొరికే నోట్ల మాట. అమ్మాయి చెప్పింది నిజమే. వైస్ రచనలు 600కు పైగా మిగిలాయి. ఆయన బతికుండగా అచ్చయింది ఒకే ఒక్కటి, 1728లో టెలిమాన్ అనే స్వరకర్త నడిపిన సంగీత పత్రికలో. మిగతాదంతా చేతిరాత ప్రతులే. పెద్ద సంపుటి ఒకటి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, ఇంకొకటి డ్రెస్డెన్ గ్రంథాలయంలో. డ్రెస్డెన్ వాళ్లు ఆ పుటలు తమ సైట్‌లోనే పెట్టారు. అంతకుముందు తరం ఫ్రెంచి లూట్ పుస్తకాల కోసం పారిస్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా అనే సైట్‌లో వెతకాలి. ఐఎంఎస్ఎల్‌పీ అనే ఉచిత నోట్ల సైట్‌లో మరికొన్ని దొరుకుతాయి. లూట్ ప్రేమికులు ఈ ప్రతుల్ని శుభ్రంగా మళ్లీ టైపు చేసి ఊరికే పంచుతున్నారు. అయితే టైపు చేసినదాన్ని అసలు ప్రతితో పోల్చకుండా సాధన మొదలుపెట్టొద్దని అమ్మాయికి చెప్పండి. పాత చేతిరాతలో 'సి' అక్షరం 'ఆర్' లాగా కనిపిస్తుంది. అలాంటివి తెలియకపోతే మొదటి పుటలోనే తప్పటడుగు.

మీరు అడిగిన అసలు సంగతి, ఊరికే దొరికేదానికి గురువెందుకని. ఆ ప్రతులు గిటార్ నోట్లలా ఉండవు. ఆరు గీతలు, వాటి మీద అక్షరాలు. 'ఎ' అంటే తీగను నొక్కకుండా మీటాలి, 'బి' అంటే మొదటి మెట్టు, అలా పైకి. గీతల కింద మంద్ర తీగలకు వేరే గుర్తులు. ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు మీటాలో అది చెబుతుంది. ఆ స్వరం ఎంతసేపు మోగుతూ ఉండాలో చెప్పదు. ఏ స్వరం పై పాటది, ఏది మధ్యలోది అన్నదీ చెప్పదు. అది చెవికి పట్టించాల్సిన విద్య. నేను చిన్నప్పుడు ఏడేళ్లు వీణ నేర్చుకున్నాను. పుస్తకంలో కీర్తన స్వరాలు పొల్లు పోకుండా ఉంటాయి, గమకం మాత్రం ఉండదు. పుస్తకం పది రూపాయలు, గమకానికి ఏడేళ్లు. ఇదీ అంతే.

ఇంకొకటి కూడా ఉంది. డ్రెస్డెన్ ప్రతిలో వైస్ ఇంకొక వాయిద్యంతో కలిసి వాయించడానికి రాసిన రచనలున్నాయి. లూట్ భాగం మాత్రమే మిగిలింది, రెండోది పోయింది. ఈ కాలపు విద్వాంసులు పోయిన భాగాన్ని తామే ఊహించి రాసుకుని వాయిస్తున్నారు. బాఖ్ తన చేత్తో రాసిన లూట్ సూట్ (నాట్య రచనల వరుస) ఒకటి బ్రస్సెల్స్‌లో ఉంది. అది లూట్ అక్షరాల్లో లేదు, మామూలు అయిదు గీతల నొటేషన్‌లో ఉంది. 13 జతల లూట్‌కు కూడా అందని మంద్రస్వరం అందులో ఉంది. వాయించాలంటే మార్చి రాసుకోవాలి. ఇవన్నీ చేయగలిగినవాళ్లనే ఆ రంగం పిలిచి పని ఇస్తుంది.

గోళ్ల సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. క్లాసికల్ గిటార్ గోళ్లతో మీటుతారు, లూట్ ఎక్కువగా వేలి కండతో. అమ్మాయి గోళ్లు కత్తిరించుకుంటే ఎనిమిదేళ్లు కష్టపడి తెచ్చుకున్న గిటార్ నాదం కొన్నాళ్లు పోతుంది. 13 జతల లూట్‌కు 24 తీగలు, పైన రెండూ జతలు కావు, ఒంటి తీగలే. శ్రుతి కూడా గిటార్ శ్రుతి కాదు. పై ఆరు జతలు డి మైనర్‌లో మోగుతాయి, కింది తీగల్ని రచన బట్టి మళ్లీ మళ్లీ శ్రుతి చేసుకోవాలి. ఈ మార్పు ఆమె ఇష్టంగా చేసుకుంటుందో లేదో ఆరు నెలల్లో తేలిపోతుంది. అందుకని ఇప్పుడే వాయిద్యం కొనిపెట్టొద్దు. మంచి లూట్‌కు వేల యూరోలు, పైగా ఆర్డరిచ్చి చాలాకాలం ఆగాలి. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ లూట్ సంఘాలు సభ్యులకు అద్దెకు ఇస్తాయి. మన దేశానికి పంపే వీలుందేమో ముందుగా రాసి కనుక్కోండి.

ఇప్పుడు ఆ సీఎస్ఈ (ఏఐ) సీటు. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి, మొహమాటం లేకుండా చెబుతాను. నేను చూసిన చాలా కాలేజీల్లో బోర్డు మీద పేరు మారింది, లోపల చెప్పేవాళ్లు మారలేదు. మొదటి రెండేళ్లు మామూలు సీఎస్ఈ చదువే. ఆ పైన పెట్టిన ఏఐ పేపర్లు చెప్పడానికి నిన్నటిదాకా వేరే సబ్జెక్టు చెప్పిన మాస్టారే నిలబడతారు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు ఏ బ్రాంచి అయినా దారి దొరుకుతుంది. లెక్కలు పాసవడానికి చదివే పిల్లలకు ఆ పేరు ఉద్యోగం తెచ్చిపెట్టదు. నాలుగేళ్ల తర్వాత చేతిలో పట్టా ఉండి, చేయగల పని లేక నా దగ్గరకు వచ్చినవాళ్లను చూస్తూనే ఉన్నాను. మీరు డొనేషన్ కట్టి కొంటున్నది అమ్మాయి భవిష్యత్తు కాదండీ, చుట్టాల ముందు మీరు చెప్పుకోవడానికి ఒక మాట. నొచ్చుకోకండి, మీ మేలు కోరే అంటున్నాను.

అలాగని రేపే విమానం ఎక్కించమనను. జర్మనీలో ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ట్రోసింగెన్ సంగీత కళాశాల ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. వీసాకు ఏడాదికి 11,904 యూరోలు బ్యాంకులో చూపించాలి. చిన్న మొత్తం కాదు. బాసెల్‌లో 1933 నుంచి నడుస్తున్న స్కోలా కాంటోరమ్ అనే పాత సంగీతపు కళాశాల పేరున్న చోటే కానీ స్విట్జర్లాండ్ ఖర్చు ఇంకా ఎక్కువ. నెదర్లాండ్స్‌లోని హేగ్, జర్మనీలోని బ్రెమెన్ కళాశాలలు కూడా చూసుకోవాలి. ఎక్కడైనా వాయించి చూపితేనే ప్రవేశం.

అందుకే నా మాట: ఇక్కడే మూడేళ్ల మామూలు డిగ్రీ, ఆమెకు నచ్చిన సబ్జెక్టులో. రోజూ నాలుగు గంటలు సాధనకు మిగిలే కాలేజీ చూడండి. పక్కన జర్మన్, ఆన్‌లైన్‌లో లూట్ గురువు. పేరున్న లూట్ విద్వాంసుడు హాప్కిన్సన్ స్మిత్ హార్వర్డ్‌లో చదువు పూర్తి చేశాకే యూరప్ వెళ్లి ఈ వాయిద్యంలో స్థిరపడ్డాడు, తర్వాత బాసెల్‌లో దశాబ్దాలు నేర్పాడు. జపాన్ నుంచి బాసెల్ వెళ్లి నేర్చుకున్న తొయోహికో సాతో హేగ్‌లో ఆచార్యుడయ్యాడు. ఇరవై ఒకటో ఏట బయల్దేరితే ఆలస్యమేమీ కాదు. ఒకవేళ మధ్యలో మనసు మారినా డిగ్రీ ఉంటుంది, చేతిలో గిటార్ ఉంటుంది. నేర్చుకోవాలనుకునే పిల్లలు మన ఊళ్లలో లేకపోలేదు. మీ అమ్మాయి ఆకలితో ఉండదు.

పోలిక అడిగారు, పూర్తిగా చేయలేదు. చేయడానికి నాకు కావలసిన ముఖ్యమైన వివరం మీ దగ్గరే లేదు. ఈ ఆదివారం డ్రెస్డెన్ ప్రతిలోంచి వైస్ సరబాండ్ (నెమ్మదిగా సాగే నాట్య రచన) ఒకటి అమ్మాయినే ఎంచుకుని గిటార్‌కు మార్చి రాసుకోమనండి. ఎన్ని రోజులు పడుతుందో చూడండి. రాయడం అయ్యాక మీ ముందు వాయించమనండి. మీరు ఫోను పక్క గదిలో పెట్టి, ఆమె తల్లిని కూడా కూర్చోబెట్టుకుని చివరిదాకా వినండి. తర్వాత నాకు మళ్లీ రాయండి, ఈసారి మీ అమ్మాయి ఎలా వాయించిందో రాయండి.