ఏడాది లెక్క నుంచి వారం లెక్కకు: పొలం ఇల్లు వదిలి బండిలో కాపురం

కనిగిరి దగ్గరి పల్లెలో ఉన్న పెంకుటింటినీ గొడ్ల చావిడినీ ఆరెకరాల పొలాన్నీ అమ్మేసి, మీ దంపతులిద్దరూ ఇక మోటార్‌హోమ్‌లోనే, అంటే లోపలే పడక, వంట, మరుగుదొడ్డి ఉండే బండిలోనే ఉండిపోదామనుకుంటున్నామని, ఏవి ఉంచుకోవాలో ఏవి వదులుకోవాలో చెప్పమని అడిగారు. నేనూ మావారూ 2023 సంక్రాంతి వెళ్లిన వారానికి కలిగిరి ప్రాంతంలోని మా ఇల్లు ఖాళీ చేసి, 16 నెలలు బండిలోనే కాపురం చేశాము. ఇప్పుడు కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మాత్రమే బండిలో ఉంటున్నాము. ఆ అనుభవంతో చెబుతున్నాను: సామాను అమ్మండి, గొడ్లను అమ్మండి, ఇంటిని మాత్రం ఇప్పుడే అమ్మకండి.

సామాను వదిలించుకోవడం శ్రమే కానీ, మీరు భయపడుతున్నంత కష్టం కాదు. మా రెండు గేదెలను తోలుకెళ్లినవారే గడ్డివామిని కూడా కొనుక్కున్నారు. గొర్రు, గుంటక, కాడి మా కౌలుదారుకే వదిలేశాము. మా అమ్మ నాకు సారెగా పెట్టిన ఇత్తడి గంగాళాన్ని, బిందెలను పాత సామాను కొట్టతను తూకానికి అడిగితే మనసొప్పక, ఊరి రామాలయంలో అన్నసంతర్పణకు పనికొస్తాయని ఇచ్చేశాము. పెరట్లోని రోలు ఎవరికీ అక్కరలేక అక్కడే ఉంది.

కష్టమైనది మరొకటి. పల్లెలో సంసారం చేసిన మనిషి దేన్నైనా ఏడాదికి లెక్క వేస్తుంది. కోతలయ్యాక వడ్లు గాదెకెక్కాలి, చింతపండు దంచి కుండకెత్తాలి, ఎండుమిరపకాయలు మూట కట్టాలి, కొత్త మామిడికాయ రాగానే జాడీలు నిండాలి. ఆ అలవాటును చంపుకోలేక నేను మొదటి ప్రయాణంలోనే యాభై కిలోల బియ్యం, పది కిలోల చింతపండు, రెండు జాడీల ఆవకాయ, తడి గ్రైండరు బండికెక్కించాను. బండి వెనుక భాగం కుంగినట్టు కనబడుతున్నదని మావారు హైవే పక్కన వడ్ల లారీలు తూచే కాటా మీద నిలిపి చూస్తే, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు (మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతి ఉన్న హద్దు) కంటే దాదాపు మూడు వందల కిలోలు ఎక్కువ తూగింది. అంతలో ఒంగోలు చేరకముందే ఏదో స్పీడ్‌బ్రేకరు దగ్గర ఒక జాడీ పగిలి, నూనె అలమర చెక్కలోకి ఇంకి, నెల రోజుల పాటు బండంతా ఆవపిండి వాసన కొట్టింది. లీటరు నీళ్లంటే కిలో బరువని, వంద లీటర్ల ట్యాంకు నింపితే బండిలో మరో ఇద్దరు ఎక్కినట్టేనని నాకు అప్పుడే తలకెక్కింది. మీరు బండి కొనేముందు ఆర్‌సీలో ఖాళీ బరువుకూ మొత్తం బరువుకూ మధ్య తేడా ఎంత ఉన్నదో చూడండి. నీళ్లు, గ్యాసు, బట్టలు, తిండి, మీరిద్దరూ అన్నీ ఆ తేడాలోనే ఇమడాలి.

తరువాత లెక్క వారానికి దిగింది. అయిదు కిలోల బియ్యం, స్టీలు డబ్బాలో అరకిలో పచ్చడి, ఏ ఊరి సంత తగిలితే ఆ ఊరి కూరగాయలు. ఇంటి చిరునామా మీద వచ్చే 14.2 కిలోల సిలిండరుకు బదులు, చిరునామా రుజువు అడగకుండా గుర్తింపు కార్డు చూసి ఇచ్చే 5 కిలోల సిలిండరు వాడాము. నీళ్ల దగ్గర మాత్రం నాకు చాలా కాలం పట్టింది. బోరు మోటారు స్విచ్చి వేసి దొడ్డంతా తడిపిన చేతులకు, చెంబు లెక్కన నీళ్లు వాడటం నామోషీగా తోచేది. మొదట్లో వంద లీటర్లు ఇద్దరికీ రెండు రోజులు కూడా రాలేదు. అలవాటయ్యాక నాలుగు రోజులు వచ్చాయి. తాగడానికి వేరుగా 20 లీటర్ల క్యాన్లు కొనేవాళ్లం. ఫ్లోరైడు నీళ్ల ప్రాంతంవారు కనుక ఆ అలవాటు మీకు కొత్త కాదు. ఎవరూ అడగడానికి ఇష్టపడని మాట కూడా చెబుతాను: బండిలోని మరుగుదొడ్డికి ఉండే చిన్న పెట్టె మా ఇద్దరికీ మూడు రోజులకే నిండేది, దానిని ఏ లాడ్జిలోనో పెట్రోలు బంకులోనో బతిమాలుకుని మరుగుదొడ్డిలో మనమే ఖాళీ చేయాలి. ఆ పని చేయడానికి సిగ్గుపడేవారు ఈ జీవితం జోలికి రాకపోవడమే మేలు.

ఇంటిని ఎందుకు అమ్మవద్దన్నానో ఇప్పుడు చెబుతాను. మా బండిలో 200 ఆంపియర్ అవర్ల, 12 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంది. అంటే అందులో పట్టేది సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తింటుంది. ఇక రోహిణీ కార్తెలో మన జిల్లాల్లో రేకు కప్పు కింద ఎంతసేపు ఉండగలరో మీరే లెక్క కట్టండి. మేము ఆ మొదటి వేసవిలో హార్సిలీ హిల్స్ చేరి ఒడ్డున పడ్డాము కానీ, ఒకే చోట నెల రోజులు బండి నిలుపుకోవడానికి స్థలం దొరకడం, కొండ దిగి సరుకులు తెచ్చుకోవడం మరో తిప్పలు.

రెండోది తుపాను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి రెండు రోజుల ముందు మేము కొత్తపట్నం తీరాన ఉన్నాము. హెచ్చరికలు వినగానే బయలుదేరినా, కావలి దాటేసరికి గాలి ఎత్తయిన ఆ బండిని పక్కకు నెడుతుంటే మావారు ఇరవై కిలోమీటర్ల వేగం మించలేదు. ఇంటిని కౌలుదారు కుటుంబానికి ఇచ్చినా, వీధి వైపు గది ఒకటి మాకోసం తాళం వేసి ఉంచుకున్నాము. ఆ మూడు రోజులూ ఆ గదే మాకు దిక్కయింది. అమ్మేసి ఉంటే ఏ కల్యాణ మండపం అరుగు మీదనో పడుకునేవాళ్లం.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. పొలాన్ని కౌలుకిస్తే 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకోవచ్చు, దానివల్ల మీ యాజమాన్య హక్కుకు ఇబ్బంది రాదు. మామూలు వ్యానును కొని మెకానిక్ చేత మార్పించుకుందామనుకుంటే ఆగండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. మోటార్ కారవాన్‌గానే (కాగితాల్లో మోటార్‌హోమ్‌కు ఉండే పేరు) ఆమోదం పొందిన బండిని తీసుకుంటే బీమా దగ్గర చిక్కులు తగ్గుతాయి. ఒకే పరాయి రాష్ట్రంలో 12 నెలలు మించి బండిని ఉంచితే అక్కడ కొత్త నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి.

డబ్బు పెట్టక ముందు ఒక పని చేయండి. వైశాఖంలో పది రోజులు మీ ఇంటి వసారా గదిలోనే ఇద్దరూ కాపురం పెట్టండి. వంద లీటర్ల డ్రమ్ము, 5 కిలోల సిలిండరు, రెండు అరల అలమర, ఒక చిన్న ఫ్యాను, అంతే. పెరటి బోరు దగ్గరికి పోకూడదు, గాదె మూత తీయకూడదు. మేము బయలుదేరక ముందు ఈ పరీక్ష పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే ఆ జాడీ పగిలేది కాదు.