ఆటో పే పెట్టుకున్నాక గడువు రోజున మళ్లీ మీరే కట్టకండి

ప్రశ్న: నా క్రెడిట్ కార్డు బిల్లుకు గడువు ప్రతి నెలా 18. ఈమధ్యే ఆటో పే పెట్టుకున్నాను. 17 రాత్రి చూస్తే ఖాతాలోంచి డబ్బు వెళ్లలేదు, 18 పొద్దున చూసినా వెళ్లలేదు. లేట్ ఫీజు పడుతుందేమోనని భయమేసి 40 వేలూ యాప్‌లో నేనే కట్టేశాను. సాయంత్రానికి ఆటో పే కూడా ఇంకో 40 వేలు తీసేసుకుంది. ఇప్పుడు నెలాఖరు దాకా చేతిలో డబ్బు లేదు. మా ఆవిడ కార్డుకు మాత్రం గడువుకు మూడు రోజుల ముందే తీసుకుంటున్నారు. అసలు ఆటో పే ఏ రోజున తీసుకోవాలి? ముందే తీసుకుంటే మనకు నష్టం కాదా? ఈ గొడవంతా లేకుండా ఆటో పే తీసేసి నేనే కట్టుకోవడం మంచిదా?

జవాబు: ముందు మీ డబ్బు సంగతి. రెండోసారి వెళ్లిన 40 వేలు ఎక్కడికీ పోలేదు, మీ కార్డు ఖాతాలో మీ పేరు మీదే జమగా ఉంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడం గురించి చివర్లో రాస్తాను. ఆటో పే మాత్రం దయచేసి తీసేయకండి. మీకు జరిగినదానికి కారణం ఆటో పే పనిచేయకపోవడం కాదు, అది ఏ రోజు ఏ వేళకు పనిచేస్తుందో మీకు ఎవరూ చెప్పకపోవడం.

ఆటో పేలో డబ్బు మీరు పంపరు, కార్డు ఇచ్చిన సంస్థ వచ్చి తీసుకుంటుంది. కాబట్టి ఏ రోజు తీసుకోవాలన్నది కూడా చాలావరకు వాళ్ల పద్ధతే. కార్డు, సేవింగ్స్ ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే అది వాళ్ల ఇంట్లో ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకోవడం లాంటిది, అందుకని గడువు రోజు దాకా ఆగి, ఆ రోజు పొద్దున్నో సాయంత్రమో రాత్రి పొద్దుపోయాకో తీసుకున్నా వాళ్లకు ఇబ్బంది లేదు. కార్డు ఒక బ్యాంకుది, ఖాతా ఇంకో బ్యాంకుది అయితే మధ్యలో క్లియరింగ్ ఉంటుంది. డబ్బు ఇమ్మని వీళ్లు అడగాలి, వాళ్లు ఉందో లేదో చూసి ఇవ్వాలి, ఆ సమాచారం తిరిగి రావాలి. అందుకే కొందరు గడువుకు రెండు మూడు రోజుల ముందే అడుగుతారు, కొందరు గడువు రోజునే అడుగుతారు, ఇంకొందరు తేదీని మీరే ఎంచుకోనిస్తారు. మీ కార్డుదీ, మీ ఆవిడ కార్డుదీ రెండూ మామూలు పద్ధతులే, ఏదీ తప్పు కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మనం డబ్బు వెళ్లిందా లేదా అని బ్యాంకు ఖాతాలో చూస్తాం. బిల్లు కట్టినట్టా కాదా అన్నది తేలేది కార్డు ఖాతాలో. రెండు బ్యాంకుల మధ్య జరిగే ఆటో పేలో, కార్డు వైపు గడువు రోజు తేదీతోనే జమ వేసేసి, మీ ఖాతాలోంచి డబ్బు మాత్రం ఒకటి రెండు పని రోజుల తర్వాత కదలడం చాలా చోట్ల ఉన్నదే. ఖాతాలో డబ్బు అలాగే కనిపిస్తోంది కదా అని బిల్లు కట్టలేదని అనుకోకూడదు, ఆ డబ్బు ఇంకా మనదే అని ఖర్చు పెట్టుకోకూడదు కూడా. ఈ రెండో పొరపాటు మొదటిదానికంటే ఖరీదైనది.

మరి మీరు కట్టిన తర్వాత కూడా ఆటో పే ఎందుకు తీసుకుంది? ఎవరి దగ్గర ఎంత తీసుకోవాలన్న జాబితా చాలా సంస్థలు ముందే తయారు చేసి పెట్టుకుంటాయి, కొన్ని చోట్ల ఒకటి రెండు రోజుల ముందే. ఆ జాబితా బయల్దేరాక మీరు కట్టింది దానికి తెలియదు. జాబితా తయారయ్యేలోపు కడితే కొన్ని సంస్థలు ఆ మేరకు తగ్గించి మిగిలినదే తీసుకుంటాయి, కొన్ని అదీ చేయవు, స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె ఎంతైతే అంతా తీసుకుంటాయి. కొన్న వస్తువు వెనక్కి ఇచ్చినప్పుడు వచ్చే రీఫండ్ విషయంలోనూ ఇదే ఇబ్బంది. స్టేట్‌మెంట్ వచ్చాక పడిన రీఫండ్‌ను కొన్ని సంస్థలు బిల్లు కట్టినట్టుగా లెక్కలోకి తీసుకోవు, ఆటో పే పాత అంకెనే పట్టుకెళ్తుంది. కాబట్టి ఏ కారణంతోనైనా మీరే ముందు కట్టాలనుకుంటే స్టేట్‌మెంట్ వచ్చిన రెండు మూడు రోజుల్లోనే కట్టేయండి. గడువుకు ముందు ఆఖరి మూడు నాలుగు రోజులు మాత్రం చెయ్యి పెట్టకండి, ఆ రోజులు ఆటో పేవి.

ఆ రోజు ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. ఆటో పే ఉన్న కార్డుకు స్టేట్‌మెంట్‌లోనే, గడువు తేదీకి దగ్గర్లో, ఫలానా ఖాతా నుంచి ఫలానా రోజున ఇంత తీసుకుంటాం అని చాలామంది రాస్తారు. లేదంటే యాప్‌లో ఆటో పే పేజీలో ఉంటుంది. అక్కడా లేకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మూడే మూడు ప్రశ్నలు అడగండి: గడువుకు ఎన్ని రోజుల ముందు తీసుకుంటారు, మధ్యలో నేను కొంత కడితే తగ్గించి తీసుకుంటారా, మొదటిసారి డబ్బు లేకపోతే మళ్లీ ప్రయత్నిస్తారా. జవాబులు ఫోన్‌లోనే రాసి పెట్టుకోండి. పది నిమిషాల పని, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ముందే తీసుకుంటే నష్టం కదా అన్నారు. లెక్క వేద్దాం. 40 వేలు సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 3 శాతం వడ్డీ మీద ఇంకో మూడు రోజులు ఉంటే వచ్చేది పది కూడా కాదు. పదివేలు కాదు, పది. దానికోసం గడువు రోజు ఆఖరి గంట దాకా ఆగడంలో నాకైతే అర్థం కనిపించదు. నన్నడిగితే మూడు రోజుల ముందు తీసుకునే పద్ధతే మీలాంటివారికి మేలు, ఎందుకంటే ఏదైనా తేడా వచ్చి డబ్బు వెళ్లకపోతే సరిచేసుకోవడానికి ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి. గడువు రోజునే తీసుకునేవాళ్ల దగ్గర ఆ వెసులుబాటు ఉండదు.

అసలు చూసుకోవాల్సింది తేదీ కంటే ఎక్కువగా, ఆ తేదీకి ఖాతాలో డబ్బు ఉందా అన్నది. నా దగ్గరికి వచ్చిన ఒకాయనకు జీతం 1వ తేదీన పడేది, ఆటో పే కూడా 1వ తేదీనే. రెండూ ఒకే రోజు కదా, సరిపోతుందిలే అనుకున్నారు. ఆటో పే తెల్లవారుజామున వచ్చింది, జీతం మధ్యాహ్నం పడింది. అంతే, బౌన్స్. ఆ ఒక్క పూట తేడాకు సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు బౌన్స్ ఛార్జీ వేసింది, కార్డు వాళ్లు ఆటో పే తిరిగొచ్చినందుకు ఇంకో ఛార్జీ వేశారు. ఆయన ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూసుకోకపోవడంతో లేట్ ఫీజు కూడా పడింది, బిల్లు గడువులోగా పూర్తిగా కట్టలేదు కాబట్టి కొన్న రోజు నుంచి వడ్డీ కూడా మొదలైంది. ఏటా మంచి జీతం తీసుకునే మనిషి, ఖాతాలో డబ్బుకు కొదవలేని మనిషి, కేవలం వేళ కలవక ఇన్ని కట్టారు. అందుకే ఎవరికైనా చెప్పేది ఒకటే, ఆటో పే తేదీకి ముందు రోజు సాయంత్రానికే బిల్లు మొత్తం ఖాతాలో ఉండాలి, ఆ రోజు కాదు, ముందు రోజు. జీతం తేదీకీ దీనికీ పొసగకపోతే గడువు తేదీనే మార్చమని అడగండి, చాలా కార్డుల్లో కుదురుతుంది. జీతం పడ్డాక నాలుగైదు రోజులకు గడువు వచ్చేలా పెట్టుకుంటే ఈ టెన్షన్ సగం పోతుంది.

మీరు ఈమధ్యే పెట్టుకున్నానన్నారు కాబట్టి ఇంకో మాట. స్టేట్‌మెంట్ వచ్చాక ఆటో పే పెడితే అది ఆ బిల్లుకు వర్తించకపోవచ్చు, తర్వాతి బిల్లు నుంచే మొదలుకావచ్చు. వేరే బ్యాంకు ఖాతా అయితే మాండేట్, అంటే డబ్బు తీసుకోవడానికి మీరిచ్చే అనుమతి, నమోదు కావడానికే కొన్ని రోజులు పడుతుంది. ఇది నాకే జరిగింది. స్టేట్‌మెంట్ వచ్చిన మర్నాడు ఆటో పే పెట్టి, ఇక చూడక్కర్లేదనుకున్నాను, ఆ నెల బిల్లు ఎవరూ తీసుకోలేదు, లేట్ ఫీజు పడ్డాక గానీ తెలియలేదు. మీ విషయంలో మొదటి బిల్లుకే పనిచేసింది, మంచిదే. అయినా ఖాతా మార్చినా, బ్యాంకు మారినా, పోయిన కార్డుకు బదులు కొత్తది వచ్చినా ఆటో పే ఇంకా ఉందో లేదో ఒకసారి చూడాల్సిందే. అలా మార్చాక వచ్చే మొదటి బిల్లుకు, ఆటో పే నమోదైందని రాతపూర్వకంగా కనిపించకపోతే, స్టేట్‌మెంట్ వచ్చిన వెంటనే మీరే కట్టేయండి.

ఆటో పేలో మొత్తం బిల్లు ఎంచుకున్నారా, కనీస మొత్తం ఎంచుకున్నారా అన్నది కూడా చూడండి. మీకు 40 వేలూ వెళ్లాయి కాబట్టి సరిగ్గానే ఉంది. మీ ఆవిడ కార్డుకు ఒకసారి చూడమనండి. కనీస మొత్తం అని పెట్టుకుని, ప్రతి నెలా ఠంచనుగా డబ్బు వెళ్తోంది కాబట్టి బిల్లు తీరిపోతోందని అనుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. లేట్ ఫీజు పడదు, ఎవరూ ఫోన్ చేయరు, లోపల మాత్రం మిగిలిన మొత్తం మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది, కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని రోజులు కూడా పోతాయి. ఆటో పేలో నిజంగా ప్రమాదకరమైనది ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే.

మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు కాబట్టి మనవాళ్లు ఎక్కువగా ఉండే రెండు చోట్ల నియమాలు చెబుతాను. భారతదేశంలో రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి, అప్పులు ఎలా తీరుస్తున్నామో రికార్డు పెట్టే క్రెడిట్ బ్యూరోకు చెప్పాలి. దీన్ని గడువు మూడు రోజులు పెరిగినట్టుగా మాత్రం చదువుకోకండి, వడ్డీ లెక్క వేరు, నాలుగో రోజు వచ్చిందంటే ఆలస్యాన్ని అసలు గడువు తేదీ నుంచే లెక్కేస్తారు. బిల్లింగ్ తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఆ ఆదేశాల్లో ఉంది. ఇంకో సంగతి, బ్యాంకుల మధ్య ఆటో పేలు నడిచే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి వారంలో అన్ని రోజులూ పనిచేస్తోంది, ఆదివారం కదా తీసుకోరులే అనుకోవడానికి లేదు. అమెరికాలో అయితే 2009 నాటి కార్డ్ చట్టం వల్ల గడువుకు కనీసం 21 రోజుల ముందు బిల్లు పంపాలి, గడువు ప్రతి నెలా ఒకే తేదీన ఉండాలి, ఆ రోజు సాయంత్రం 5 లోపు అందినదాన్ని ఆలస్యం అనకూడదు. అక్కడ బ్యాంకుల మధ్య ఆటో పే డబ్బు మామూలుగా శని, ఆదివారాల్లో కదలదు కాబట్టి, శనివారం గడువుకు కార్డులో జమ కనిపించి, ఖాతాలోంచి సోమవారం వెళ్లడం మామూలే.

ఇక మీ 40 వేలు. కార్డు సంస్థకు ఫోన్ చేసి, కార్డులో ఎక్కువ జమ ఉంది, నా ఖాతాకు వెనక్కి పంపండి అని అడగండి, యాప్‌లో అభ్యర్థన పెట్టే వీలుంటే అదే మేలు, ఎందుకంటే రికార్డు ఉంటుంది. డబ్బు రావడానికి కొన్ని పని రోజులు పడుతుంది. అంతవరకు నెలాఖరు ఖర్చుల్లో కార్డుతో కట్టగలిగేవి కార్డుతోనే కట్టండి, అవి ఆ జమలోంచే తగ్గుతాయి, కొత్తగా బాకీ పడరు. అంతేగానీ చేతి ఖర్చుకని అదే కార్డుతో ఏటీఎంలో నగదు మాత్రం తీయకండి, జమ ఉన్నా దాని మీద నగదు ఛార్జీ పడే అవకాశం ఉంది. వెనక్కి అడగకుండా వదిలేసినా తర్వాతి బిల్లులో సర్దుకుంటుంది, అప్పుడు ఆటో పే తక్కువే తీసుకుంటుంది, లేదా ఆ నెల అసలు రాదు. రాలేదని మళ్లీ కంగారుపడి కట్టేయకండి, ముందు స్టేట్‌మెంట్‌లో కట్టాల్సిన మొత్తం సున్నా ఉందేమో చూడండి.